కుర్చీలు చేసేవాళ్లు నొక్కిన పాటలు

మొదటి రోజు, గురువారం: రిచ్‌మండ్, ఇండియానా

పొద్దున్న ఆరున్నరకల్లా ఒహాయోలోని కొలంబస్ దాటేశాం. ఐ-70 హైవే మీద పడమటికి వంద మైళ్ల పైచిలుకు ప్రయాణం. అక్టోబరు నెల, దారి పొడవునా కోత అయిపోయిన మొక్కజొన్న చేలు. అమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా నాన్న ఒళ్లో ఉంది. వెనక సీట్లో మూత ఉన్న ఖాళీ ప్లాస్టిక్ పెట్టె, దాని నిండా పాత తువ్వాళ్లు. రికార్డులు దొరికితే చుట్టి పెట్టడానికి అవి.

నేను పాత జాజ్ రికార్డులు పోగుచేయడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. నాకు కావలసినవి 78లు. నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, బరువుగా ఉండేవి, చెయ్యి జారితే పెంకులా పగిలిపోయేవి. మన ఇళ్లలో గ్రామఫోన్ ప్లేట్లు అనేవాళ్లే, అవే. మా ఇంట్లో వీటి జోలికి ఎవరూ రారు. నాన్న మాత్రం ఇండియా నుంచి వచ్చిన రెండో వారంలో బేస్‌మెంట్‌లోకి దిగి, అరలోంచి ఒకటి తీసి, అంచుని బొటనవేలితో గట్టిగా రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "ఒరేయ్, ఇది లక్క కదరా" అన్నారు.

నాన్న వడ్రంగి. ఎలమంచిలిలో నలభై ఏళ్లు మంచాలు, కుర్చీలు, గుమ్మాలు చేశారు. లక్క రేకులు స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే దూది ఉండకి గుడ్డ చుట్టి, బల్లలకి పాలిష్ పట్టడం ఆయన చేతిలో పని. మా ఊరికి ఏటికొప్పాక దగ్గరే. అక్కడ అంకుడు కర్రని గిర్రున తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి బొమ్మకి రంగు పట్టేస్తుంది. అది చూస్తూ పెరిగిన మనిషి కాబట్టి ఆయన ముక్కు పొరబడలేదు. ప్లాస్టిక్ రికార్డులు వచ్చేదాకా, అంటే సుమారు అర్ధ శతాబ్దం పాటు, లోకంలో అమ్ముడైన రికార్డుల్లో ఎక్కువ భాగం లక్కవే. అందులో రాతిపొడి, నల్లరంగుకి మసి, కొంచెం నూలు పీచు కూడా ఉంటాయి. వాటన్నిటినీ పట్టి ఉంచే జిగురు లక్క. ఆ లక్కలో చాలా వంతు మన దేశానిదే. ఇప్పటి జార్ఖండ్, బెంగాల్ వైపు అడవుల్లో మోదుగ, కుసుమ, రేగు చెట్ల కొమ్మల మీద పురుగు పేర్చిన లక్క అది.

ఆ రోజే నాన్నకి ఇంకో సంగతి చెప్పాను. జాజ్‌లో అన్నిటికంటే ముందు లెక్కపెట్టే రికార్డులు కొన్నిటిని చేసినవి పాటల కంపెనీలు కావు. ఒకటి పియానోల ఫ్యాక్టరీ, ఇంకోటి కుర్చీల ఫ్యాక్టరీ.

"కుర్చీల ఫ్యాక్టరీయా? ఎక్కడుందిరా అది?"

"విస్కాన్సిన్‌లో నాన్నా. ఇప్పుడు ఫ్యాక్టరీ లేదు. పునాదులు ఉన్నాయి."

"పునాదులైనా చూద్దాం" అన్నారు. అలా బయల్దేరింది ఈ ప్రయాణం.

ఒహాయో సరిహద్దు దాటగానే రిచ్‌మండ్ వచ్చేస్తుంది. ఊరి మధ్యలో వైట్‌వాటర్ నది లోతుగా కోసుకుపోయిన లోయ ఉంది. స్టార్ పియానో కంపెనీ ఒకప్పుడు ఈ లోయ అడుగున ఓ చిన్న పట్టణంలా ఉండేది. 1870లలో పియానోలతో మొదలైంది. ఇళ్లలోకి గ్రామఫోన్లు వచ్చాక వీళ్లు కూడా ఆ మిషన్లు చేశారు, మిషన్లు అమ్ముడుపోవాలంటే రికార్డులు కావాలి కాబట్టి అవీ చేశారు. కంపెనీ నడిపిన కుటుంబం పేరు గెనెట్. ఆ పేరే లేబుల్‌కి, అంటే రికార్డుల బ్రాండుకి, పెట్టారు.

ఇప్పుడు అక్కడ పార్కు. ఫ్యాక్టరీలో మిగిలింది ఇటుక గోడల కట్టడం ఒకటి, దాని మీద గెనెట్ ముద్ర. నడిచే దారి పొడవునా నేలలో 78 రికార్డుల ఆకారంలో గుండ్రటి పలకలు పొదిగారు, ఒక్కో కళాకారుడికి ఒక్కోటి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, జెల్లీ రోల్ మార్టన్, బిక్స్ బైడర్‌బెక్, హోగీ కార్మైకేల్. నాన్న ప్రతి పలక దగ్గరా ఆగి, "ఈయన ఏం వాయించాడు?" అని అడిగి, చెప్పాక తల ఊపి ముందుకు నడిచారు.

రైలు కట్ట పక్కన ఎక్కువసేపు నిలబడ్డాం. రికార్డింగ్ గది సరిగ్గా పట్టాల పక్కనే ఉండేది. రైలొస్తే అంతా ఆపేసి, అది వెళ్లేదాకా ఊరుకోవాల్సిందే. 1923 ఏప్రిల్ 5న షికాగో నుంచి కార్నెట్ వాద్యగాడు కింగ్ ఆలివర్ నడిపే క్రియోల్ జాజ్ బ్యాండ్ ఇక్కడికి వచ్చింది. కార్నెట్ అంటే ట్రంపెట్ లాంటి వాద్యం. అప్పటికి మైక్రోఫోన్‌తో రికార్డు చేయడం ఇంకా రాలేదు. గోడలోంచి పెద్ద బాకా ఒకటి గదిలోకి పొడుచుకు వచ్చి ఉంటుంది. అందరూ దాని ముందు గుమిగూడి వాయిస్తే, ఆ గాలి కదలికే గోడ అవతల ముల్లుని ఊపి, వెచ్చగా ఉంచిన మైనపు పళ్లెం మీద గీత గీస్తుంది. కరెంటుతో పనే లేదు. పెద్ద డ్రమ్ము మోగితే ముల్లు ఎగిరిపోతుందని బేబీ డాడ్స్‌ని డ్రమ్ములు పక్కన పెట్టి చెక్క ముక్కల మీద తాళం వేయమన్నారు. ఇరవై ఒక్కేళ్ల ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ ఊదితే మిగతావాళ్లెవరూ వినపడక, ఆయన్ని గదిలో దూరంగా ఒక మూలకి పంపించారు. ఆయన అక్కడ దిగాలుగా నిలబడ్డాడని పియానో వాయించిన లిల్ హార్డిన్ తర్వాత ఎన్నోసార్లు గుర్తుచేసుకుంది. మరుసటి ఏడాది వాళ్లిద్దరికీ పెళ్లయింది. ఆ మూల నుంచి ఊదిందే 'చైమ్స్ బ్లూస్'లో ఆయన సోలో, అంటే ఒంటరిగా ముందుకొచ్చి వాయించే భాగం, రికార్డుకెక్కిన ఆయన మొదటి సోలో. గెనెట్ 5135. ఆ నంబరు నాకు మా ఇంటి నంబరు కన్నా ముందు గుర్తొస్తుంది.

"అంత దూరం నుంచి ఊదినా వినపడిందా?" అన్నారు నాన్న.

ఫోన్లో వేసి వినిపించాను. నది పక్కన గాలిలో, చిన్న స్పీకర్‌లో, అదీ వంద ఏళ్ల కిందట మైనం మీద గీసిన గీత. నాన్న చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని విన్నారు. "ఆ చెక్క శబ్దం బాగుంది" అన్నారు. బేబీ డాడ్స్ వింటే సంతోషించేవాడు.

ఇక్కడ ఇంకో పెద్ద విషయం జరిగింది, మా పోగుచేసేవాళ్లలో కూడా చాలామంది దాన్ని పట్టించుకోరు. రికార్డు మీద ముల్లు పక్కలకి ఊగేలా గీత గీసే పద్ధతి మీద పేటెంట్లు పెద్ద కంపెనీల చేతిలో ఉండేవి. ఆ పద్ధతి గెనెట్ వాడుకుంటే విక్టర్ కంపెనీ దావా వేసింది. 1920ల మొదట్లో స్టార్ వాళ్లు ఆ కేసు గెలిచారు. చిన్న కంపెనీలన్నిటికీ అక్కడే తలుపు తెరుచుకుంది. పెద్ద కంపెనీలు అప్పట్లో తలుపు తీయని నల్లజాతి బ్యాండ్లెన్నో ఈ చిన్న కంపెనీల గుమ్మంలోంచే లోపలికి వచ్చాయి. ఒక పియానోల కంపెనీ లాయర్లకి జాజ్ ఇంత రుణపడి ఉందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

1923 జులైలోనే పియానో వాయించే నల్లజాతి కళాకారుడు జెల్లీ రోల్ మార్టన్ ఇక్కడ న్యూ ఆర్లీన్స్ రిథమ్ కింగ్స్ అనే తెల్లవాళ్ల బ్యాండ్‌తో కలిసి రికార్డు చేశాడు. రంగు తేడా లేకుండా కలిసి కూర్చుని చేసిన తొలి జాజ్ రికార్డింగుల్లో అదొకటి. అదే రోజుల్లో ఇండియానా రాష్ట్రమంతా నల్లవాళ్లని ద్వేషించే తెల్లవాళ్ల సంఘం కూ క్లక్స్ క్లాన్ గుప్పిట్లో ఉంది. డబ్బు కట్టి చేయించుకునేవాళ్లకి గెనెట్ ప్రైవేటుగా రికార్డులు నొక్కి ఇచ్చేది, అలా క్లాన్ పాటలు కూడా నొక్కి ఇచ్చింది. అవే ప్రెస్సులు, అదే లక్క.

ఇది చెప్పినప్పుడు నాన్న పులిహోర తింటూ ఆగిపోయారు. "కర్ర తెచ్చినోడికి కుర్చీ చేసిస్తాం. అందులో ఎవడు కూచుంటాడో మనం అడగం" అన్నారు. కాసేపటికి డబ్బా మూత పెడుతూ, "అడగాలేమో" అన్నారు.

సాయంత్రం ఊరికి దగ్గర్లో ఒక పాత సామాన్ల దుకాణంలో రెండు గంటలు గడిపాం. నేల మీద మోకాళ్లేసి, డబ్బాల్లో ఒక్కో రికార్డూ ముందుకి వంచుతూ చూడటమే అక్కడ పని. తొంభై పాళ్లు 1940ల డ్యాన్స్ పాటలు, క్రిస్మస్ పాటలు. చివరికి ఒక ఛాంపియన్ దొరికింది. గెనెట్ వాళ్లు తక్కువ ధరకి అమ్మిన లేబుల్ అది. అదే మైనం మీద గీసిన పాటని మారుపేర్లతో ఛాంపియన్ మీద వేసేవాళ్లు. అందుకే లేబుల్ మీద పేరుని నేను నమ్మను, లేబుల్ పక్కన లక్కలో అచ్చుపడిన మాస్టర్ నంబరు చూస్తాను. ఇది ఫాక్స్‌ట్రాట్, పేరు లేని డ్యాన్స్ బ్యాండ్. నాలుగు డాలర్లు. రిచ్‌మండ్ లక్క రిచ్‌మండ్ దగ్గరే దొరికింది, నాకు అది చాలు.

రాత్రి మోటెల్ సింకు దగ్గర దాన్ని కడిగాం. గోరువెచ్చని నీళ్లు, ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు, మెత్తటి గుడ్డ. లేబుల్ తడవకూడదు. మొదట్లో నాకు ఇది తెలియదు. రికార్డులు తుడవడానికని ఒక కొట్టులో అమ్మిన సీసా తెచ్చి, నా మొట్టమొదటి ఆర్మ్‌స్ట్రాంగ్‌ని, 'ఓకే' అనే కంపెనీ లేబుల్ మీద వచ్చినదాన్ని, దానితో తుడిచాను. గుడ్డ నల్లగా అయింది. మురికి పోతోందనుకుని ఇంకా గట్టిగా రుద్దాను. ఆ మందులో ఆల్కహాల్ ఉంది. ప్లాస్టిక్ రికార్డులకి ఏమీ కాదు, లక్క మాత్రం కరిగిపోతుంది. నేను తుడిచేసింది మురికి కాదు, పాట. సీసా మీద ఆ సంగతి ఒక్క ముక్క రాసి లేదు. ఆ రికార్డు ఇప్పటికీ దాచుకున్నాను, వేస్తే ఇసక పోసినట్టు గరగరమంటుంది.

"స్పిరిట్ తగిలితే లక్క నిలుస్తుందా? నన్నడిగితే చెప్పేవాణ్ణి కదరా" అన్నారు నాన్న. నిజమే. పాలిష్ పని నలభై ఏళ్లు చేసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేను ఆయన్ని అడగలేదు.

రెండో రోజు, శుక్రవారం: షికాగో

నాలుగున్నర గంటల దారి. షికాగోలో గడియారం గంట వెనక్కి వెళ్తుంది కాబట్టి పొద్దు కలిసొచ్చింది.

దారిలో నాన్నకి ఆర్మ్‌స్ట్రాంగ్ షికాగో రావడం గురించి చెప్పాను. 1922 ఆగస్టులో, కింగ్ ఆలివర్ పంపిన కబురు అందుకుని, న్యూ ఆర్లీన్స్‌లో రైలెక్కాడు. దారిలో తినడానికి తల్లి మేయాన్ చేప శాండ్‌విచ్ చేసి ఇచ్చింది. ఇంత మనిషి అయ్యాక కూడా ఆయన ఆ పొట్లం మర్చిపోలేదు. నాన్న ఖాళీ అయిన పులిహోర డబ్బా వైపు చూసి, "మీ అమ్మకి ఫోన్ చెయ్యి" అన్నారు. చేశాను.

ఆలివర్ బ్యాండ్ వాయించిన లింకన్ గార్డెన్స్ 31వ వీధిలో ఉండేది. ఇప్పుడు చూడటానికి ఏమీ లేదు. 35వ వీధిలో సన్‌సెట్ కేఫ్ భవనం మాత్రం నిలబడి ఉంది. 1920లలో ఆర్మ్‌స్ట్రాంగ్, ఎర్ల్ హైన్స్ ఇక్కడ వాయించారు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే నేల మీద డ్యాన్స్ చేసిన చోటు. తర్వాత చాలా ఏళ్లు అది హార్డ్‌వేర్ దుకాణంగా నడిచింది. నాన్నకి ఈ ముక్క ఎందుకో బాగా నచ్చింది. మేకులు, మరలు అమ్మిన చోట జాజ్ ఉండేదన్నా, జాజ్ ఉన్న చోట మేకులు అమ్మారన్నా ఆయనకి రెండూ ఒకటే గౌరవం.

డౌన్‌టౌన్‌లో వాషింగ్టన్ వీధి మీద కారు ఆపడానికి చోటు దొరకలేదు, నెమ్మదిగా దాటుకుంటూ పోయాం. 1925 నవంబరు 12న ఆర్మ్‌స్ట్రాంగ్ తన సొంత పేరు మీద, హాట్ ఫైవ్ అనే తన బ్యాండ్‌తో, ఓకే కంపెనీకి మొదటిసారి రికార్డు చేసింది ఈ ఊళ్లోనే. రిచ్‌మండ్‌లో మూలకి తోసిన మనిషి, రెండున్నరేళ్లు తిరిగేసరికి ముందు నిలబడ్డాడు. ఓకే అన్న పేరు ఎలా వచ్చిందంటే, దాన్ని పెట్టిన ఓటో కె. ఇ. హైన్‌మన్ పేరులో పొడి అక్షరాలు. 1920లో నల్లజాతి గాయని మేమీ స్మిత్ పాడిన 'క్రేజీ బ్లూస్' వేసి, నల్లజాతి జనం కూడా డబ్బు పెట్టి రికార్డులు కొంటారని మిగతా కంపెనీలన్నిటికీ తెలియజెప్పింది ఆ కంపెనీయే. ఆ తర్వాతే కుర్చీలవాళ్లకి ఆ ఆలోచన పుట్టింది.

సాయంత్రం సరస్సు పక్కన నడిచాం. గాలి కోసేస్తోంది. నాన్నకి మోకాలు నొప్పి, తొందరగా గదికి వచ్చేశాం. ఆ రోజు రికార్డులేవీ వెతకలేదు.

మూడో రోజు, శనివారం: గ్రాఫ్టన్, పోర్ట్ వాషింగ్టన్

ఉత్తరానికి రెండు గంటలు. మిల్వాకీ దాటాక ఊళ్లు చిన్నవైపోతాయి. గ్రాఫ్టన్ శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది. ఊరి నడిమధ్య చిన్న కూడలికి, కుర్చీలవాళ్ల రికార్డుల లేబుల్ పారామౌంట్ పేరే పెట్టుకున్నారు. నేల మీద పియానో మెట్లలాగా తెల్లవి, నల్లవి పలకలు పరిచి వాటి మీద కళాకారుల పేర్లు చెక్కారు. సినిమా పారామౌంట్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

విస్కాన్సిన్ చెయిర్ కంపెనీ 1888లో ఇక్కడికి దగ్గర్లో పోర్ట్ వాషింగ్టన్‌లో మొదలైంది. పేరులో ఉన్నట్టే కుర్చీలు. తర్వాత ఎడిసన్ గ్రామఫోన్లకి కర్ర పెట్టెలు చేసిచ్చే కాంట్రాక్టు వచ్చింది. పెట్టె మనమే చేస్తున్నాం, మిషనూ మనమే ఎందుకు చేయకూడదు అనుకున్నారు. మిషన్‌తో పాటు రికార్డు లేకపోతే ఎవరు కొంటారు? 1917లో పారామౌంట్ లేబుల్ పెట్టారు. రికార్డులు నొక్కే ప్రెస్సులు గ్రాఫ్టన్‌లో, మిల్వాకీ నది ఒడ్డున.

"మంచం కొంటే పరుపు ఇచ్చినట్టు" అన్నారు నాన్న. అంతే. వాళ్ల దృష్టిలో పాట పరుపులాంటిది.

మామూలు పాటలతో పెద్ద కంపెనీల ముందు నిలవలేకపోయారు. 1922లో నల్లజాతి కొనుగోలుదారుల కోసం 12000తో మొదలయ్యే నంబర్ల వరస ఒకటి పెట్టారు. షికాగోలో వాళ్లకి కళాకారులని వెతికి తెచ్చింది మేయో విలియమ్స్. బ్రౌన్ యూనివర్సిటీలో చదివినవాడు, తొలినాటి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడినవాడు, రికార్డుల వ్యాపారంలో పెద్ద స్థానానికి వచ్చిన మొదటితరం నల్లజాతి వ్యక్తి. ఆయన వల్లే 'మా రేనీ' (Ma Rainey) అనే బ్లూస్ గాయని పారామౌంట్‌కి వచ్చింది. 1924లో న్యూయార్క్‌లో ఆమె 'సీ సీ రైడర్' పాడితే వెనక కార్నెట్ ఊదింది మన ఆర్మ్‌స్ట్రాంగే. ఆలివర్, మార్టన్, జానీ డాడ్స్ కూడా ఈ లేబుల్‌కి చేశారు. నల్లజాతివాళ్ల పత్రిక షికాగో డిఫెండర్‌లో ప్రకటనలు వేసి, పోస్టులో దేశమంతా పంపేవాళ్లు. మిసిసిపీలో పత్తి చేలో పనిచేసే మనిషి డబ్బు కడితే, విస్కాన్సిన్ కుర్చీల కంపెనీ నుంచి పాట వచ్చేది.

నది దగ్గరికి వెళ్లాం. ప్రెస్సులు ఉన్న చోట చరిత్ర చెప్పే బోర్డు ఒకటి ఉంది. చెట్ల కింద పాత పునాది రాళ్లు. నాన్న మోకాలు లెక్కచేయకుండా వాటి దాకా దిగి, గోడ మందం జానతో కొలిచి చూశారు. తర్వాత ఒక రాయి మీద కూర్చుని, "ఇక్కడ ఎలా చేసేవాళ్లో చెప్పు" అన్నారు.

నాకు తెలిసిందంతా చెప్పాను. మైనపు పళ్లెం మీద గీత గీశాక, దాని మీద సన్నటి పొడి చల్లి, రాగి నీళ్లలో ముంచి, కరెంటు పంపి రాగి పొర పట్టిస్తారు. ఆ పొర ఊడదీస్తే గీత ఉన్న చోట గట్టు ఉంటుంది. దాన్ని తండ్రి అంటారు. తండ్రి మీద ఇంకో పొర పట్టిస్తే మళ్లీ గీత వస్తుంది, అది తల్లి. తల్లి మీద నుంచి తీసిందే ప్రెస్సులో బిగించే అచ్చు. ఒక్క తల్లి నుంచి ఎన్ని అచ్చులైనా తీసుకోవచ్చు. అవతల లక్క మిశ్రమాన్ని బిస్కట్ల మాదిరి పలకలు చేసి, ఆవిరి వేడి మీద మెత్తబరుస్తారు. పై అచ్చు, కింది అచ్చు, రెండు లేబుళ్లు, మధ్యలో మెత్తబడ్డ లక్క ముద్ద. ప్రెస్సు మూసి, లోపల ఆవిరి తిప్పి, వెంటనే చన్నీళ్లు తిప్పితే గట్టిపడిపోతుంది. అంచుల్లో బయటికి వచ్చిన లక్క చెక్కేసి నునుపు చేస్తే రికార్డు.

"తండ్రి కన్నా తల్లే కావలసింది అన్నమాట" అన్నారు నాన్న, నది వైపు చూస్తూ.

పారామౌంట్ వాళ్లు మిశ్రమంలో చవక చూసుకున్నారు. అందుకే కొత్తగా ఉన్నప్పుడే వాటిలో గరగర ఎక్కువ. గొప్ప గొంతులని అంత నాసిరకం లక్కలో నొక్కారని నాకు ఇప్పటికీ మనసు రగులుతుంది. 1929లో గ్రాఫ్టన్‌లోనే సొంత స్టూడియో పెట్టారు. 1930లో ఛార్లీ ప్యాటన్, సన్ హౌస్, విల్లీ బ్రౌన్, లూయీజ్ జాన్సన్ మిసిసిపీ నుంచి కారులో ఇంత దూరం వచ్చి ఇక్కడ పాడారు. మరుసటి ఏడాది స్కిప్ జేమ్స్. వాళ్లది బ్లూస్, జాజ్‌కి అన్న వరస. అప్పటికి ఆర్థిక మాంద్యం వచ్చేసింది, జనం దగ్గర డబ్బు లేదు. చాలా తక్కువ కాపీలు నొక్కారు. వాటిలో కొన్నిటికి ఇప్పుడు లోకం మొత్తం మీద ఒకటో రెండో మిగిలాయి. కొన్నిటికి ఒక్క కాపీ కూడా ఇంతవరకు దొరకలేదు. కాగితం మీద పేరు ఉంది, నంబరు ఉంది, పాట లేదు.

1930ల మొదట్లో రికార్డుల పని ఆపేశారు. లోహపు అచ్చులు తుక్కు కింద పోయాయి. ఆ తల్లులన్నీ కరిగిపోయాయి. మిగిలిన రికార్డులని కోపంతోనో వేడుకకో పనివాళ్లు ఈ నదిలోకి విసిరేశారని ఊళ్లో చెప్పుకుంటారు. 2006లో టెలివిజన్ కార్యక్రమం కోసం గజ ఈతగాళ్లు దిగి వెతికారు. నీళ్లలో ఏమీ దొరకలేదు.

ఆ తర్వాత యుద్ధం. లక్క రావలసిన సముద్రం దారి అపాయంలో పడింది. 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం రికార్డులకి లక్క వాడకాన్ని ముప్పై శాతానికి కోసేసింది. కొత్త రికార్డులు చేయాలంటే పాతవి తెచ్చివ్వండని ఇంటింటికీ తిరిగి పోగుచేశారు. అలా మూటలు మూటలుగా వెళ్లి పిండి అయిపోయిన వాటిలో ఏమేమి ఉన్నాయో తలుచుకుంటే నాకు నిద్ర పట్టని రాత్రులు ఉన్నాయి. మన అడవి నుంచి ఓడ రాలేదని ఇక్కడ ఆలివర్ కార్నెట్‌ని నూరేశారు.

అన్నీ పోగా మిగిలినవి మరి ఎలా మిగిలాయి? కంపెనీలు దాచలేదు. లైబ్రరీలకి అప్పట్లో ఇవి అక్కర్లేదు. ఎవరో ఒక ఇంటావిడ మంచం కింద పెట్టెలో పెట్టుకుంది, ఇల్లు మారినప్పుడల్లా బట్టల మధ్య చుట్టుకుని వెంట తీసుకెళ్లింది. తర్వాత ఎప్పుడో ఒక కుర్రాడు తలుపు తట్టి, పాత రికార్డులు ఉన్నాయా అమ్మా అని అడిగాడు. పోగుచేసేవాళ్ల పేర్లు పుస్తకాలకెక్కాయి, వేలం ధరలు పత్రికల్లో వచ్చాయి. వాళ్ల కష్టం తక్కువదని అనను, నేనూ ఆ కోవలోవాణ్ణే. కానీ ఇరవై ముప్పై ఏళ్లు పగలకుండా కాపాడింది ఆ ఇళ్లవాళ్లు. వాళ్ల పేర్లు కొన్ని లేబుళ్ల మీద పెన్సిలుతో, సిరాతో రాసి ఉంటాయి. నేను అవి ఎప్పుడూ చెరపను. ధర తగ్గుతుందని చెరిపేసేవాళ్లని చూశాను. అది తప్పు.

మధ్యాహ్నం పోర్ట్ వాషింగ్టన్ వెళ్లాం. మిషిగన్ సరస్సు ఒడ్డున అందమైన ఊరు. కుర్చీల ఫ్యాక్టరీ ఉన్న తీరం వెంబడి నాన్న మౌనంగా నడిచారు.

అక్కడికి కొంచెం దూరంలో ఒక పాత సామాన్ల కొట్టు. నేను రికార్డుల డబ్బా ముందు కూర్చుంటే, నాన్న కుర్చీలు తలకిందులు చేసి అతుకులు చూస్తున్నారు. డబ్బా అడుగున, కాగితం కవరు కూడా లేకుండా, గద్ద బొమ్మ లేబుల్. పారామౌంట్. మా రేనీ కాదు, ఆలివర్ కాదు, 1920ల మొదట్లో వచ్చిన మామూలు డ్యాన్స్ పాట. అంచు నుంచి లోపలికి అంగుళమున్నర పగులు, వెంట్రుక మందాన. లేబుల్ మీద వంకర అక్షరాలతో ఒక ఆడమనిషి పేరు, సిరా గోధుమరంగులోకి తిరిగింది. కొట్టతను పగిలింది కదా అని రెండు డాలర్లు చాలన్నాడు. చెయ్యి వణికింది. టెన్షన్ ఎందుకంటే, పగిలిన రికార్డుని ఒక పక్క పట్టుకుంటే పగులు సాగిపోతుంది. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కారు దాకా నడిచాను. నాన్న ముందు పరిగెత్తి తలుపు తీసి, తువ్వాలు పరిచి పట్టుకున్నారు.

నాలుగో రోజు, ఆదివారం: ఇంటికి

ఎనిమిది గంటల డ్రైవింగ్, గతుకు వచ్చినప్పుడల్లా నాన్న వెనక్కి తిరిగి పెట్టె వైపు చూడటం, అంతే ఆ రోజు.

రాత్రి తిండి కాగానే ముగ్గురం బేస్‌మెంట్‌లోకి దిగాం, అమ్మ కూడా వచ్చింది. 78లకి వేరే ముల్లు ఉంటుంది, ఎల్పీలకి, అంటే తర్వాత వచ్చిన ప్లాస్టిక్ రికార్డులకి, వాడే దానికి మూడింతలు లావు. అది మార్చి, ముందు ఛాంపియన్ వేశాను. ఫాక్స్‌ట్రాట్ హుషారుగా ఉంది. తర్వాత పారామౌంట్. పగులు మీదుగా ముల్లు పోయినప్పుడల్లా టక్ అంటుంది. చుట్టుకి ఒకటి, నిమిషానికి 78. పాట మొదలైన కాసేపటికి, ముల్లు లోపలికి జరిగి పగులు దాటాక, ఆ టక్ ఆగిపోయింది. గరగర వెనక నుంచి క్లారినెట్ ఒకటి పైకి లేచింది. అమ్మ మెట్టు మీద కూర్చుంది. నాన్న రెండో పక్క కూడా వేయమన్నారు.

ముల్లు లేపాక, కొలిచే టేపు తెమ్మన్నారు. రికార్డు అడ్డం కొలత పది అంగుళాలు. అర లోతు ఎంత, ఎన్ని ఉన్నాయి, నిలబెట్టాలా పడుకోబెట్టాలా అని అడిగారు. నిలబెట్టాలి, పడుకోబెడితే కింది వాటి మీద బరువు పడి పగులుతాయి అన్నాను. పది రికార్డులకి ఒక అడ్డుపలక ఉండాలి, ఒకదాని మీద ఒకటి వాలకూడదు అన్నాను. కరెంటు బిల్లు వెనక బొమ్మ గీశారు. "టేకు దొరుకుతుందేట్రా ఇక్కడ? ఓక్ అయితే ఓక్ తే" అన్నారు.

"పాలిష్ ఏం పడదాం నాన్నా?"

"లక్క పాలిష్ బయటివైపే పడదాం. లోపల ఒట్టి కర్రే ఉండాలి. ఎండాకాలం లక్కకి లక్క తగిలితే అంటుకుంటాది."